గోడ లోపలి భోజనం

ఈ వారం లేఖ ఢిల్లీ నుంచి కాక రాయపూర్ నుంచి వ్రాయవలసి వచ్చినది. ఛత్తీస్‌గఢ్‌లో ధాన్యం కొనుగోళ్లు ఎట్లు సాగుతున్నవో స్వయంగా చూచి రావలెనన్న తలంపుతో బయలుదేరిన ఈ విలేఖరికి, ధాన్యం సంగతి కన్న ముందు ఆ ధాన్యం నుంచి వచ్చిన అన్నం సంగతి పాఠకులతో ముచ్చటించవలసిన అగత్యం ఏర్పడినది. ధాన్యం సేకరణ గురించి వ్రాయడానికి మరో వారం ఉన్నది. అన్నం మాత్రం చల్లారకముందే వడ్డించవలె.

రాయపూర్‌కు తెలుగువారు కొత్తవారు కారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా ఈ నగరానికి రైలుమార్గం 1931లో పూర్తయినది. ఆ మార్గం వెంట ఉద్యోగాల కోసం, వ్యాపారాల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ అనేకం. అట్టి ఒక కుటుంబానికి పెద్ద, రైల్వేలో పనిచేసి విరమించిన నా చిరకాల మిత్రులొకరు, ఆదివారంనాడు తమ ఇంటిల్లిపాదితో పాటు నన్నుకూడా నగరం వెలుపలనున్న ఒక ప్రైవేటు వినోదోద్యానానికి వెంటబెట్టుకొని వెళ్లారు. ఇట్టి వాటిని ఇప్పుడు థీమ్ పార్కులంటున్నారు. ఆ పార్కు పేరు ఇక్కడ అనవసరం. ఒకదాని పేరు చెబితే తక్కినవన్నీ నిర్దోషులన్న భ్రమ కలుగుతుంది.

టిక్కెట్లు కొని గేటు వద్దకు చేరగానే కాపలాదారు సంచులు విప్పించాడు. మిత్రుని భార్య తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోర డబ్బా, పిల్లల కోసం తెచ్చిన పెరుగన్నం, నాలుగు మంచినీళ్ల సీసాలు బల్లమీదికి వచ్చినవి. బయటి తినుబండారాలు లోనికి అనుమతించబడవని బోర్డు ఉన్నది. డబ్బాలు ఒక అలమరలోనికి పోయినవి. మా చేతికి ఒక రేకు టోకెను వచ్చినది. సీసాలలోని నీళ్లు గేటు పక్కనున్న మొక్కల పాదులోనికి పోయినవి.

లోపల ఒక ‘పల్లెటూరు’ వెలసి ఉన్నది. సిమెంటు గోడలకు మట్టిరంగు పూశారు. గోడల మీద తెల్లని ఆదివాసీ బొమ్మలు వ్రాశారు. లాంతరులో కరెంటు దీపం. తలపాగాలు చుట్టుకున్న కుర్రవాళ్లు వంగి నమస్కరించి లోనికి ఆహ్వానిస్తారు. ఆ పల్లెటూరి భోజనశాలలో థాలీ ధర తలకు 650 రూపాయలు. చిన్నపిల్లలకు వేరే ధర లేదు. అయిదేళ్ల మనుమరాలు మహా అయితే నాలుగు ముద్దలు తింటుంది కనుక, ఆమెకు వేరే థాలీ వద్దని మిత్రులు చెప్పగా, ఒక పళ్లెంలోనిది మరొకరు తినరాదన్న నిబంధన ఉన్నదని ఆ కుర్రవాడు ఎంతో వినయంగా మనవి చేశాడు. అతనిది తప్పు కాదు. అతడు తనకు నేర్పిన మాట చెప్పాడు. మిత్రుని భార్య నావైపు తిరిగి, “నా పళ్లెంలోంచి మనుమరాలికి ముద్ద పెట్టడానికి కూడా వీరి సెలవు కావాలా అన్నయ్యగారూ?” అన్నారు. ఈ లేఖకు మూలం ఆ ప్రశ్నే.

మేము ఆరుగురం. పన్నుతో కలిపి నాలుగువేల రూపాయలు దాటినది. మంచినీళ్ల సీసా ముద్రించిన ధరకు రెట్టింపు. వంట చెడ్డగా ఉన్నదని అనను. ఉప్పు, కారం సరిపోయినవి. వడ్డించినవాళ్లు మర్యాదస్తులు. సాయంకాలం బయటకు వచ్చి, టోకెను ఇచ్చి డబ్బాలు తీసుకొని, రోడ్డుపక్కన చెట్టుకింద పులిహోర తిన్నాము. పిల్లలు అప్పుడు ఆవురావురుమని తిన్నారు.

ఇంతమాత్రం దానికి జాతీయ రాజధాని విలేఖరి వారంవారం వ్రాసే జాగాను ఖర్చు చేయవలెనా అని పాఠకులు అడుగవచ్చును. స్తోమత ఉన్నవాడు వెళతాడు, లేనివాడు మానుతాడు, ఇందులో రాజకీయమేమున్నదని కొందరు వాదించవచ్చును. తెలుగువారికి మాత్రం అన్నం ధర రాజకీయం కాదని చెప్పడం కష్టం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఒక ప్రభుత్వానికి గుర్తింపు చిహ్నమయినది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో అయిదు రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు తెరిచారు. 2019లో ప్రభుత్వం మారగానే మూశారు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారగానే తిరిగి తెరిచారు. ఛత్తీస్‌గఢ్ సంగతీ అంతే. కేంద్రం ఆహార భద్రతా చట్టం చేయడానికి ముందే, 2012లో, ఈ రాష్ట్రం తన సొంత చట్టం చేసుకున్నది. 2022 మే 1న, కార్మిక దినోత్సవంనాడు, అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపుపై మంత్రులు, అధికారులు కెమెరాల ముందు కూర్చొని ‘బోరే బాసీ’ తిన్నారు. బోరే బాసీ అనగా మన చద్దన్నమే. చద్దన్నం తినడం కూడా రాజకీయమయిన చోట, ఆరువందల యాభై రూపాయల అన్నం రాజకీయం కాకుండా పోతుందా?

ముందుగా ఎదుటిపక్షం వాదన న్యాయంగా చెప్పుకొందాం. వినోదోద్యానం నడపడం తేలిక వ్యాపారం కాదు. భూమి కొనవలె, అప్పు తేవలె, వడ్డీ కట్టవలె. ఆదివారాలలో, సెలవు దినాలలో జనం కిటకిటలాడతారు. తక్కిన రోజులలో బల్లలు ఖాళీగా ఉంటవి. వానాకాలంలో గేటు తెరవడమే దండుగ. అయినా వంటవాళ్లకు, కాపలావాళ్లకు, తోటమాలులకు నెలనెలా జీతాలు ఇవ్వవలసినదే. టిక్కెట్టు ధర పెంచితే జనం గేటు వద్దనే వెనుదిరుగుతారు. కనుక టిక్కెట్టును ఓపగలిగినంతలో ఉంచి, లోటును భోజనశాలలో పూడ్చుకొంటారు. బయటి ఆహారాన్ని అనుమతిస్తే ఎంగిలి విస్తళ్లు, ప్లాస్టిక్ సంచులు ఎవరు ఎత్తాలని కూడా అడుగుతారు. ఈ మాటలలో నిజం లేకపోలేదు.

అయితే లెక్క కూడా చూడవలె. ఛత్తీస్‌గఢ్ రైతుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరపై రాష్ట్రం తన వంతు కలిపి క్వింటాలు ధాన్యానికి 3,100 రూపాయలు చెల్లిస్తున్నది. క్వింటాలు ధాన్యం ఆడిస్తే ప్రభుత్వ లెక్క ప్రకారం 67 కిలోల బియ్యం వస్తవి. అనగా కిలో బియ్యంలో ధాన్యం ఖరీదు సుమారు 46 రూపాయలు. ఒక మనిషి పూట భోజనానికి 150 గ్రాముల బియ్యం చాలు. దానిలో ధాన్యం ఖరీదు ఏడు రూపాయలు. దేశంలోకెల్లా మంచి ధరలలో ఒకటి పొందుతున్న రైతు చేతికి చేరిన సొమ్ము ఆ పళ్లెంలో ఏడు రూపాయలు. పప్పు, కూర, నూనె, గ్యాసు, జీతాలు, వడ్డీ కలుపుకొంటూ పోయినా ఏడు నుంచి ఆరువందల యాభై వరకు చాలా దూరమున్నది. ఆ దూరంలో కొంత వేడుక ఖరీదు. లాంతరు, తలపాగా, బొమ్మల గోడ ఊరకే రావు. వేడుకకు ఇష్టపడి ఇచ్చే సొమ్మును ఎవరూ తప్పుపట్టరు. కొంత మాత్రం గేటు ఖరీదు. మరొక దారి లేనందువలన ఇచ్చే సొమ్ము అది. ఈ రెంటినీ ఒకే బిల్లులో కలిపివేయడం వల్లనే ఏది దేనికిస్తున్నామో మనకు తెలియకుండా పోతున్నది.

ఈ రెంటికీ తేడా చరిత్రలోనే కనిపిస్తుంది. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, కార్డీలియా నాట్ అనే గృహిణి 1934లో తన ఇంట కోడి వేపుడు భోజనం 65 సెంట్లకు వడ్డించడం ప్రారంభించినది. ఆ రుచికి జనం గంటల తరబడి వరుసలలో నిలబడసాగారు. వేచియున్నవారికి కాలక్షేపంగా ఉండేందుకు ఆమె భర్త 1940లో ఆ ప్రక్కనే పాతకాలపు ఊరొకటి కట్టసాగాడు. నేటి సుప్రసిద్ధ నాట్స్ బెర్రీ ఫార్మ్ వినోదోద్యానం పుట్టుక అది. అక్కడ అన్నం కోసం వచ్చినవారికి వేడుక దొరికినది. ఆ తరువాత వరుస తిరగబడినది. వేడుక కోసం వచ్చినవారిని గోడ లోపల కూర్చోబెట్టి అన్నం అమ్మడం ఆచారమయినది. 1955 జులై 17న డిస్నీలాండ్ తెరిచిననాడు ప్లంబర్ల సమ్మె కారణంగా మంచినీటి కుళాయిలు, మరుగుదొడ్లు రెండూ సిద్ధం చేయడం సాధ్యం కాక, వాల్ట్ డిస్నీ మరుగుదొడ్లనే ఎంచుకొన్నాడు. మండుటెండలో వచ్చినవారు మాత్రం శీతల పానీయాలు అమ్ముకోవడానికే కుళాయిలు కట్టివేశారని ఆరోపించారు. ఆ ఆరోపణ అన్యాయమే కావచ్చును. గోడ లోపల దాహం వేసినవాడికి అట్టి అనుమానం రావడం మాత్రం సహజం.

మన దేశంలోనూ పల్లెటూరి వేడుకను భోజనంతో జోడించినవారు లేకపోలేదు. అహమ్మదాబాదులో సురేంద్ర పటేల్ 1978లో ‘విశాలా’ నెలకొల్పి, దాని ప్రక్కనే పాత్రల ప్రదర్శనశాల ఏర్పాటు చేశారు. జైపూరు వద్ద ‘చోఖీ ధానీ’లో ప్రవేశపు టిక్కెట్టులోనే భోజనం కలిసి ఉంటుంది. అవి చౌకవి కావు. అయినా అక్కడికి వెళ్లేవాడు భోజనం కోసమే వెళతాడు. ఖర్చెంతో గేటు బయటనే తెలుస్తుంది. వద్దనుకొంటే అక్కడినుంచే వెనుదిరగవచ్చును. ఢిల్లీలో 1994లో వెలసిన దిల్లీ హాట్‌లో ప్రవేశ రుసుము ఉన్నది, వివిధ రాష్ట్రాల వంటల దుకాణాలూ ఉన్నవి. ఒకదానిలో ధర నచ్చకపోతే రెండవదానికి పోవచ్చును. గోడ ఉన్నంతమాత్రాన అన్యాయం జరుగదు. గోడ లోపల ఒకే పొయ్యి ఉన్నప్పుడు, ఆ పొయ్యివాని ధర ముందుగా చెప్పనప్పుడు, ఇంటి అన్నాన్ని గేటు వద్ద జప్తు చేసినప్పుడు అన్యాయం మొదలవుతుంది.

చట్టమేమంటున్నదన్నది తరువాతి ప్రశ్న. ఢిల్లీలో ఉండే విలేఖరికి ఇది కొంత తెలిసిన దారి. ముద్రించిన గరిష్ఠ ధర కన్న ఎక్కువకు హోటళ్లు, రెస్టారెంట్లు నీళ్ల సీసా అమ్మడం నేరం కాదని, అక్కడ సీసాతో పాటు సేవ కూడా అమ్ముడవుతున్నదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తేల్చినది. సినిమాహాళ్లలోనికి బయటి ఆహారాన్ని అనుమతించవలెనని జమ్మూ కాశ్మీర్ హైకోర్టు 2018లో ఇచ్చిన ఉత్తర్వును, ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, మన తెలుగువారైన న్యాయమూర్తి పి.ఎస్. నరసింహలతో కూడిన ధర్మాసనం 2023 జనవరి 3న కొట్టివేసినది. హాలు యజమాని ఆస్తి కనుక షరతులు అతడే నిర్ణయించవచ్చునని, ఇష్టం లేనివాడు అక్కడ కొనకుండా ఉండవచ్చునని న్యాయస్థానం అభిప్రాయపడినది. దానితో పాటు శుభ్రమైన మంచినీరు ఉచితంగా ఇవ్వవలెనని, పసిపిల్లల ఆహారం విషయంలో ఉదారంగా ఉండవలెనని కూడా చెప్పినది.

ఆ తీర్పును గౌరవిస్తూనే ఒక తేడా మనవి చేయవలసి ఉన్నది. సినిమా మూడు గంటలలో ముగుస్తుంది. భోజనం చేసి వెళ్లవచ్చును, వచ్చి చేయవచ్చును. వినోదోద్యానానికి ఉదయం పదింటికి వెళ్లి సాయంకాలం ఆరింటికి వస్తారు. పిల్లలు, వృద్ధులు, చక్కెర వ్యాధి ఉన్నవారు వెళతారు. ఒకసారి బయటకు వస్తే అదే టిక్కెట్టుపై మళ్లీ లోనికి పోనివ్వని చోట్లు కూడా ఉన్నవి. కొనకుండా ఉండే స్వేచ్ఛ అంటే అక్కడ పస్తుండే స్వేచ్ఛ అని అర్థం. సినిమాహాలు తర్కాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చి అతికించడం సరికాదు. బిల్లుపై సేవా రుసుము బలవంతంగా వేయరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చినది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించినది. భోజనం చేసినవాడు ఇష్టపడి ఇచ్చేదానికి, అతనినుంచి బలవంతంగా రాబట్టేదానికి తేడా ఉన్నదని ఆ మార్గదర్శకాల సారాంశం. ఆ తేడాయే గేటు వద్ద కూడా గుర్తించబడవలెనని కోరడం గొంతెమ్మ కోరిక కాబోదు.

ఇక రాయపూర్‌లోనే ఉన్న మరొక భోజనశాలను చూతము. నగరం నడిబొడ్డున మహంత్ ఘాసీదాస్ స్మారక ప్రదర్శనశాల ఉన్నది. ఆ ఆవరణలో 2016 జనవరిలో ‘గఢ్ కలేవా’ ప్రారంభమయినది. కలేవా అనగా పలహారం. దీనిని నడిపేది మహిళా స్వయంసహాయక బృందం. ఇక్కడకూడా పల్లెటూరి అలంకరణ ఉన్నది. చెట్లనీడన కూర్చొని తినవచ్చును. బియ్యప్పిండి అట్టు ‘చీలా’, ఆవిరిపై ఉడికించిన ‘ఫరా’, బియ్యప్పిండి పూరీ ‘చౌసేలా’, మినపగారెల వంటి ‘బరా’, కారపు ‘ఠేఠరీ’, తీపి ‘ఖుర్మీ’ దొరుకుతవి. ‘అయిర్సా’ అని ఒకటి పెట్టారు. బియ్యప్పిండి, బెల్లం పాకం. కొరికిచూస్తే మన అరిసెకు తోబుట్టువు. ఆ మర్నాడు మేమిద్దరం మిత్రులం అక్కడ కడుపునిండా తిని లేచినా, ముందురోజు ఒక్క థాలీకి ఇచ్చినదానిలో సగం కూడా కాలేదు. లోనికి రావడానికి ఎవరూ మా సంచి విప్పించలేదు. తిన్న పళ్లెం ఎవరిదని ఎవరూ అడుగలేదు.

ఇక్కడ కూడా న్యాయంగా మాట్లాడవలె. గఢ్ కలేవా ప్రభుత్వ ఆవరణలో ఉన్నది. భూమి కొని, అప్పు తెచ్చి కట్టిన ప్రైవేటు యజమానితో దానిని పోల్చడం పూర్తిగా సమంజసం కాదు. ఆదివారాలలో బల్ల దొరకడానికి వేచియుండవలె. ఢిల్లీలోని ఆంధ్రభవన్ భోజనశాల చవి చూచిన పాఠకులకు ఇది బాగా అర్థమవుతుంది. అక్కడ కూడా అధికారులు, విద్యార్థులు, ఢిల్లీ పంజాబీలు ఒకే వరుసలో నిలబడతారు. ఓర్పు ఖర్చుపెట్టి డబ్బు మిగుల్చుకొంటారు. ఈ రెండు చోట్లనూ తేలిన సత్యమొకటి ఉన్నది. ప్రాంతీయ రుచి, శుభ్రత, కొంత వేడుక కలసి సామాన్యునికి అందుబాటు ధరలో పెట్టడం అసాధ్యం కాదు. స్థలం ఎవరిదన్నదే అసలు ప్రశ్న. స్థలం ప్రజలది అయినప్పుడు ధర కూడా ప్రజల ధర కాగలదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకు చెప్పవలసి వచ్చినదంటే, రాయపూర్ చెంతనే పెరుగుతున్న కొత్త రాజధాని నవ రాయపూర్‌లో గోడలు చాలా లేస్తున్నవి. 2006లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన ‘పురఖౌతీ ముక్తాంగణ్’ అక్కడున్నది. బస్తర్ మొదలైన ప్రాంతాల ఇండ్లు, ఆచారాలు, శిల్పాలు నమూనాలుగా చూపే ఆరుబయలు ప్రదర్శనశాల అది. 2016లో జంగిల్ సఫారీ వచ్చినది. కేంద్రం 2024లో మూలధన వ్యయానికి రాష్ట్రాలకిచ్చే ప్రత్యేక సహాయం క్రింద ఇక్కడ ఒక ఫిల్మ్ సిటీకి, ఆదివాసీ సాంస్కృతిక సమావేశ కేంద్రానికి కలిపి 147 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసినది. ఫిల్మ్ సిటీ అంటే ఏమిటో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 1996 నుంచి హైదరాబాదు శివారులో రామోజీ ఫిల్మ్ సిటీని చూస్తున్నాము. అది ప్రైవేటు పెట్టుబడి. నవ రాయపూర్‌లో రాబోయేది మాత్రం మీరు, నేను కట్టిన పన్ను. ఆ గోడ లోపల పెట్టే భోజనానికి షరతులు నిర్ణయించే హక్కు మనకు తప్పకుండా ఉన్నది.

ఆ హక్కుకు మరొక కారణం కూడా ఉన్నది. ఈ పార్కులలో అమ్ముడయ్యే సరుకు ఎవరిది? ఛత్తీస్‌గఢ్‌ను ‘ధాన్ కా కటోరా’, అనగా ధాన్యపు గిన్నె, అంటారు. డాక్టర్ ఆర్.హెచ్. రిచారియా 1970వ దశకంలో ఈ ప్రాంతపు రైతుల నుంచి దాదాపు 19,000 వరి నమూనాలు సేకరించారు. అవి రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి సంక్రమించినవి. ఆ విత్తన సంపదపై సింజెంటా అనే బహుళజాతి సంస్థతో విశ్వవిద్యాలయం ఒప్పందానికి సిద్ధపడినప్పుడు, 2002లో, రైతు సంఘాలు, మేధావులు తీవ్రంగా ప్రతిఘటించగా ఆ సంస్థ విరమించుకోవలసి వచ్చినది. విత్తనం ప్రజలదని నాడు రాయపూర్ రుజువు చేసినది. ఫరా, చీలా కూడా ఆ విత్తనం నుంచి వచ్చినవే. వాటిని ఎవరైనా వండి అమ్ముకోవచ్చును. కాని వాటిని కనిపెట్టిన ఇల్లాలి వారసురాలు, తన పిల్లలతో వచ్చి, తన వంటనే గోడ లోపల చూచి, ధర చదివి వెనుదిరగవలసి వస్తే అది సంస్కృతీ పరిరక్షణ అనిపించుకోదు.

2025 నవంబరు 1న, రాష్ట్ర రజతోత్సవంనాడు, నవ రాయపూర్‌లో వీర నారాయణ్ సింగ్ పేరిట ఆదివాసీ స్వాతంత్ర్య యోధుల స్మారక ప్రదర్శనశాలను ప్రధానమంత్రి ప్రారంభించారు. సోనాఖాన్ జమీందారు అయిన నారాయణ్ సింగ్ ఎవరు? 1856లో కరవు వచ్చి ప్రజలు ఆకలితో అలమటిస్తుండగా, ధాన్యం దాచిన వ్యాపారి కొట్టు తెరిపించి ఆ ధాన్యాన్ని ఆకలిగొన్నవారికి పంచినవాడు. అందుకు కుంఫిణీ ప్రభుత్వం అతనిని బంధించినది. అతడు చెరసాల నుంచి తప్పించుకొని తిరుగుబాటు చేశాడు. 1857 డిసెంబరు 10న రాయపూర్‌లోనే అతనిని ఉరితీశారు. నగరం నడుమనున్న జయస్తంభ్ చౌక్ ఆ స్థలమని జనం చెప్పుకొంటారు. గేటు వెనుక దాచిన అన్నానికి, గేటు బయటి ఆకలికి నడుమ నిలబడి ప్రాణమిచ్చిన మనిషి అతడు. నేటి వినోదోద్యానాన్ని నాటి కరవుతో పోల్చడం అతిశయోక్తి. ఆ పోలిక నేను చేయడం లేదు. ప్రదర్శనశాలకు అతని పేరు పెట్టుకొన్న ఊరిలో, ప్రజాధనంతో లేచే ఆవరణలలో, మంచినీళ్ల సీసా రెట్టింపు ధరకు అమ్మితే మాత్రం ఆ విగ్రహానికి మనం వేసే పూలదండకు అర్థముండదు.

ఏమి చేయవలె? కొత్త చట్టం కోసం పార్లమెంటు వైపు చూడనక్కరలేదు. ప్రైవేటు స్థలంలో ప్రైవేటు సొమ్ముతో కట్టినవాని ధరను ప్రభుత్వం నిర్ణయించవలెనని నేను కోరను. ధరల నియంత్రణ అనుభవాలు మనకు తక్కువ లేవు. అక్కడ కోరేది రెండే. భోజనం, మంచినీళ్ల ధరల పట్టిక టిక్కెట్టు కిటికీ వద్దనే పెద్ద అక్షరాలతో ఉండవలె. ఉచితంగా శుభ్రమైన తాగునీరు ఉండవలె. ఇక ప్రభుత్వ భూమి, ప్రభుత్వ ధనం, ప్రభుత్వ రాయితీ పొందిన ప్రతి ఆవరణలోను కౌలు ఒప్పందంలోనే మరి రెండు షరతులు చేర్చవలె. ఇంటినుంచి తెచ్చుకొన్న అన్నం తినడానికి నీడ, బల్లలు, చెత్తబుట్టలు ఉన్న ఒక చోటు కేటాయించవలె. శుభ్రత కోసం అవసరమైతే నామమాత్రపు రుసుము తీసుకోవచ్చును. రెండవది, ఎంత పెద్ద రెస్టారెంటు వచ్చినా దాని ప్రక్కన గఢ్ కలేవా వంటి ఒక మహిళా బృందపు భోజనశాలకు స్థలం ఉండవలె. పోటీ ఉన్నచోట ధర తనంతట తానే బుద్ధి తెచ్చుకొంటుంది. ఒప్పందం మీద సంతకం పెట్టకముందు ఇది ఒక పేరా పని. పెట్టిన తరువాత ముప్పై ఏండ్ల వ్యాజ్యం. అమరావతిలో, విశాఖలో, హైదరాబాదు పరిసరాలలో పర్యాటకం పేరిట భూములు కేటాయిస్తున్న మన రెండు ప్రభుత్వాలు కూడా ఈ పేరాను గుర్తుంచుకొంటే మంచిది.

ఇంతకూ ఆ ఆరువందల యాభై రూపాయల భోజనం ఆ ధరకు తగినదా? వేడుక కోసం, ఏడాదికొకసారి, ధర ముందుగా తెలిసి, మనసారా ఇచ్చుకొనేవానికి తగినదే కావచ్చును. అతని ఆనందాన్ని తూకం వేయడానికి మనమెవరం? ఆకలి వేసి, ఇంటి డబ్బా అలమరలో ఉండి, వేరు దారి లేక ఇచ్చినవానికి మాత్రం అది రూపాయికి తగినది కూడా కాదు. పళ్లెంలోని పదార్థాలు ఇద్దరికీ ఒకటే. ఒకడు కొనుక్కొన్నాడు, రెండవవాడు చెల్లించుకొన్నాడు.

మిత్రుని భార్య అడిగిన ప్రశ్నకు నేను ఆనాడు సమాధానం చెప్పలేదు. రైలెక్కించడానికి స్టేషనుకు వచ్చినప్పుడు ఆమె నా చేతిలో ఒక పొట్లం పెట్టారు. దారిలో తినడానికి పులిహోర. రైలు దుర్గ్ దాటిన తరువాత పొట్లం విప్పి, ఎదుటి సీటులో కూర్చున్న ఒక ఛత్తీస్‌గఢీ రైతుకు సగం పెట్టాను. ఆయన తన సంచిలోంచి రెండు ఠేఠరీలు తీసి నా కాగితంలో వేశారు. అక్కడ మమ్మల్ని ఎవరూ వారించలేదు.